నడుం విరగ్గొడుతున్న పాత జెడ్4: ముందు ఆ స్ప్రింగుల సంగతి చూడు

ఉత్తరం:

"అన్నా, నమస్తే. మాది ఎంవీపీ కాలనీ. ఎనిమిది నెలల కిందట హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర 2010 బీఎండబ్ల్యూ జెడ్4 కొన్నాను, ఎస్‌డ్రైవ్ 35ఐ. 68 వేలు తిరిగింది. ఇంజిన్ బంగారం. రైడ్ మాత్రం నరకం. రోడ్డు మీద చిన్న అతుకు తగిలినా పోటు వెన్నులోకి దిగుతోంది. అనకాపల్లి వైపు హైవే మీద 100 దాటితే ముక్కు పైకీ కిందికీ ఊగుతోంది. నెమ్మదిగా పోతుంటే ముందు ఎడమ చక్రం దగ్గర టక్‌టక్ అని శబ్దం. పాత ఓనరు 19 అంగుళాల అలాయ్‌లు, కారు 30 మిల్లీమీటర్లు కిందికి దిగేలా లోయరింగ్ స్ప్రింగులు వేయించాడట. ఒక మెకానిక్ స్పోర్ట్స్ కారంటే ఇంతే సార్ అన్నాడు. ఇంకొకాయన కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకునేలా స్ప్రింగూ షాకప్పూ కలిపి వచ్చే సెట్టు, వేసుకోమంటున్నాడు. ఫ్రెండేమో స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించమంటున్నాడు. మా ఆవిడ ఆటో అయినా ఎక్కుతానుగానీ ఇందులో ఎక్కనని తేల్చేసింది. డబ్బంతా ఒక్కసారే పెట్టలేను. ఎక్కడ మొదలుపెట్టను?"

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరంలో నీకే తెలియకుండా సగం జవాబు రాసేశావు. చిన్న అతుకు తగిలితే గట్టిగా కొడుతోంది అన్నావు, హైవే మీద మెత్తగా ఊగుతోంది అనీ అన్నావు. కారు నిజంగా గట్టిదే అయితే ఊగదు, నిజంగా మెత్తదే అయితే కొట్టదు. రెండూ ఒకే కారులో కనిపిస్తున్నాయంటే అది స్పోర్ట్స్ కారు గుణం కాదు, సస్పెన్షన్ అరిగిపోయిందని అర్థం. "ఇంతే సార్" అన్న మెకానిక్ మాట ఇక్కడితో మర్చిపో. ఆ మాట ఎవరు ఎప్పుడు అన్నా కిందికి దూరి చూడ్డానికి బద్ధకించాడనే నేను అనుకుంటాను.

లోపల ఏం జరుగుతోందో ఒకసారి చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే నిన్నెవరూ మోసం చెయ్యలేరు. స్ప్రింగు పని దెబ్బను తీసుకుని దాచుకోవడం. దాచుకున్నదాన్ని అది వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది, అంటే కారును మళ్లీ పైకి తంతుంది. ఆ తన్నును పట్టి ఆపేది షాకబ్జర్. మనవాళ్లు షాకప్ అంటారు. అందులో నూనె చిన్న చిన్న రంధ్రాల్లోంచి దూరుతూ ఆ ఊపునంతా వేడిగా మార్చేస్తుంది. పదిహేనేళ్ల పాత షాకప్‌లో సీలు వదులవుతుంది, గ్యాసు పోతుంది, నూనె పల్చబడుతుంది, వాల్వులు అరుగుతాయి. అప్పుడు ఊయలని ఒకసారి తోసి వదిలేసినట్టే, హైవే మీద ఒక పెద్ద ఎత్తుపల్లం దాటాక కారు దానంతట అది రెండు మూడుసార్లు ఊగి ఊగి ఆగుతుంది. నీ అనకాపల్లి రోడ్డు కథ ఇదే.

మరి కొట్టడం ఎక్కడిది? షాకప్ రాడ్డుకి పైభాగాన నురగలాంటి పాలీయురేథేన్ ముక్క ఒకటి తొడిగి ఉంటుంది, బంప్ స్టాపర్ అంటారు. చక్రం బాగా పైకి వచ్చినప్పుడు ఇనుమూ ఇనుమూ గుద్దుకోకుండా మధ్యలో అడ్డుపడడం దాని పని. పాత ఓనరు కారును 30 మిల్లీమీటర్లు దించాడు కదా, అంటే చక్రం పైకి రావడానికి కంపెనీ వదిలిన జాగాలో 30 మిల్లీమీటర్లు మింగేశాడన్నమాట. ఇప్పుడు చిన్న గుంత పడినా బండి ఆ స్టాపర్ మీదికి వెళ్లి కూర్చుంటోంది. ఈ వయసు కారులో ఆ నురగ ముక్క చాలాసార్లు పొడైపోయి ఉంటుంది, వేలితో నొక్కితే పాత బిస్కెట్ లాగా రాలిపోతుంది. అది కూడా లేకపోతే దెబ్బ తిన్నగా బాడీకి, బాడీ నుంచి సీటుకి, సీటు నుంచి నీ నడుముకి. నువ్వు కారుని నడపడం లేదు తమ్ముడూ, బంప్ స్టాపర్ల మీద ఈడుస్తున్నావు.

మీ ఆవిడ కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ జెడ్4లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,496 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర మీటర్లు. ముందంతా పొడుగాటి బానెట్, మనుషులేమో దాదాపు వెనక ఇరుసు మీదే కూర్చున్నట్టు ఉంటారు. మామూలు సెడాన్‌లో ముందు సీటు రెండు ఇరుసులకీ మధ్యలో ఉంటుంది కాబట్టి రెండు దెబ్బలూ అరిగి అందుతాయి. ఇందులో వెనక చక్రం దెబ్బ అరగకుండా వస్తుంది. పైగా 40 వేగంలో ముందు చక్రం అతుకు దాటిన పావు సెకనులోపే వెనక చక్రం అదే అతుకు మీద ఉంటుంది. అందుకని నువ్వు డబ్బు పెట్టేటప్పుడు ముందు షాకప్‌లు మాత్రమే మార్చి వెనకవి తర్వాత చూద్దామనుకుంటే ఆవిడ ఆటోలోనే వెళ్తుంది.

సరే, ఎక్కడ మొదలు? పైసా ఖర్చు లేనిదాంతో. రేపు పొద్దున బండి తియ్యకముందే, ఎండ పడకముందే, టైర్లలో గాలి చూడు. డ్రైవరు డోరు తెరిస్తే పక్కన స్టిక్కరు ఉంటుంది, ముందుకెంత వెనక్కెంత అని అందులోనే రాసి ఉంటుంది. పంక్చర్ షాపుల్లో ఏ బండి వచ్చినా 35, కాస్త పెద్ద కారు కనిపిస్తే "హైవే మీద పోతారు కదా సార్" అంటూ 40 కొట్టేస్తారు, వాళ్ల మీటరు ఎంత నిజం చెబుతుందో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి. సొంతంగా ఒక డిజిటల్ గేజ్ కొనుక్కో. మధ్యాహ్నం బీచ్ రోడ్డు అంతా తిరిగొచ్చి చూస్తే 3, 4 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసెయ్యకు. చల్లగా ఉన్నప్పటి లెక్కే లెక్క.

తర్వాత టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల వెంట ఉండే చివరి నాలుగు అంకెలు చదువు. 2716 అని ఉంటే 2016లో 27వ వారం తయారైన టైరు. హైదరాబాద్ ఆయన నీకిచ్చినవి అలాంటివే అయితే ట్రెడ్ ఎంత మిగిలినా సరే, ఆ రబ్బరు ఎండి గట్టిపడిపోయి ఉంటుంది. గోరుతో గుచ్చి చూడు, కొత్త టైరులో దిగినట్టు దిగదు.

ఇక్కడే అసలు పెద్ద విషయం. ఈ కారు కంపెనీ నుంచి వచ్చింది రన్‌ఫ్లాట్ టైర్లతో. గాలి మొత్తం పోయినా ఒక 80 కిలోమీటర్లు, 80 వేగం దాటకుండా నడిపించుకుపోవచ్చని వాటి పక్క గోడలు మందంగా, గట్టిగా కడతారు. అందుకే స్టెప్నీ ఇవ్వలేదు. గాలి లేకుండానే కారు బరువు మోసే గోడ, గాలి ఉన్నప్పుడు ఎంత మొండిగా ఉంటుందో ఆలోచించు. నా మటుకు నేను విశాఖలో తిరిగే ఈ కారుకి మామూలు టైర్లు వేయించి, డిక్కీలో పంక్చర్ కిట్టూ 12 వోల్టుల గాలి పంపూ పడేసుకుంటాను. నష్టం లేదని అనను. అరకు ఘాట్‌లో అనంతగిరి దగ్గర రాత్రి టైరు పక్క గోడ చీలితే ఆ కిట్టు పనికిరాదు, లారీ కోసం చూడాల్సిందే. నీ తిరుగుడంతా ఊళ్లోనూ భీమిలి దాకానూ అయితే మామూలు టైర్లే వేసుకో, నెలకి రెండుసార్లు కుటుంబంతో ఘాట్లెక్కేవాడివైతే రన్‌ఫ్లాట్‌లోనే కొత్తవి కొను, కొత్త రన్‌ఫ్లాట్ కూడా ఎండిపోయిన పాతదానికన్నా చాలా మేలు. ఏవి కొన్నా నాలుగూ ఒకే రకం, లోడ్ ఇండెక్స్ (టైరు మోసే బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకునే వేగం) కంపెనీ చెప్పినదానికి తగ్గకుండా. రెండు రన్‌ఫ్లాట్, రెండు మామూలువి మాత్రం వద్దు, మలుపులో ముందొకటి చెప్తే వెనకొకటి వింటుంది.

19 అంగుళాల చక్రాలు చూడ్డానికి బావుంటాయి, కాదనను. ఈ కారుకి 19లో వచ్చే సైజు ముందు 225/35, వెనక 255/30. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో. లెక్క కడితే వెనక టైరు పక్క గోడ ఎత్తు 77 మిల్లీమీటర్లకి లోపే, నాలుగు వేళ్ల వెడల్పు. అదే 18 అంగుళాలకి దిగితే ముందు 225/40, వెనక 255/35, గోడ ఎత్తు దాదాపు 90 మిల్లీమీటర్లు అవుతుంది. 13 మిల్లీమీటర్లు ఏం లెక్క అనుకోకు, గుంత అంచుకీ అలాయ్‌కీ మధ్య ఉన్న మెత్తదనమంతా అదే. పైగా టైరు మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది కాబట్టి స్పీడోమీటరు లెక్క మారదు. 17 అంగుళాల్లో 225/45 కూడా జెడ్4కి కంపెనీ సైజే, అందులో గోడ 101 దాకా వెళ్తుంది, కానీ నీది 35ఐ కాబట్టి ముందు బ్రేకులు ఆ చక్రంలో ఇమిడాయో లేదో ఒక చక్రం అరువు తెచ్చి బిగించి తిప్పి చూశాకే డబ్బు ఇవ్వు. నన్నడిగితే 18 దగ్గర ఆగిపో. ఆ 19లకి ఊళ్లో గిరాకీ ఉంటుంది, అమ్మితే కొత్త టైర్ల ఖర్చులో కొంత తిరిగొస్తుంది.

అమ్మేముందు వాటిని బ్యాలెన్సింగ్ మిషన్ మీద ఖాళీగా తిప్పించి లోపలి అంచు చూడు, బయటి అంచు కాదు. ఇంత సన్నటి టైరు వేసుకుని గుంతల్లో తిరిగిన అలాయ్ లోపలి వైపు ఒక్క చోటైనా వంగకుండా ఉండడం అరుదు. వంగిన చక్రాన్ని సస్పెన్షన్ జబ్బనుకుని వేలకి వేలు పోసినవాళ్లని చూశాను.

ఇప్పుడు కిందికి దూరుదాం. ఆటోనగర్ వెళ్లు, నాలుగు చక్రాలూ ఆనేలా ఎత్తే ర్యాంపు ఉన్న షెడ్డు చూసుకో, చక్రాలు వేలాడే లిఫ్టు మాత్రమే ఉంటే కొన్ని లూజులు దొరకవు. నీ టక్‌టక్‌కి ముందు అనుమానించాల్సింది స్టెబిలైజర్ లింక్ రాడ్, అంటే మలుపుల్లో కారు ఒరగకుండా చూసే అడ్డకడ్డీని సస్పెన్షన్‌కి కలిపే చిన్న రాడ్డు. దాని రెండు చివరలా చిన్న బాల్ జాయింట్లు ఉంటాయి, అవి అరిగితే చిన్న చిన్న గతుకుల్లో నెమ్మదిగా పోయేటప్పుడే శబ్దం వస్తుంది, వేగంలో వినిపించదు, నువ్వు చెప్పిన లక్షణమే. చేత్తో పట్టి ఊపితే తెలిసిపోతుంది. రెండు వైపులా కలిపి మార్చినా ఒక టైరు ఖరీదు కాదు. ముందు ఇది చేయించు, కనీసం శబ్దం పోయి ఇంట్లో కొంత శాంతి వస్తుంది.

రెండోది ముందు లోయర్ ఆర్మ్ బుష్, అంటే చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే చేయి కీలులో ఉండే రబ్బరు. బీఎండబ్ల్యూలు చాలావాటిలో ఈ రబ్బరు బుష్ లోపల ద్రవం నింపి ఉంటుంది, అదొక చిన్న షాకప్ లాంటిదే. రబ్బరు పగిలితే చుట్టూ నల్లటి జిడ్డు మరక కనిపిస్తుంది. 80, 90 వేగంలో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందా? నువ్వు రాయలేదు, ఒకసారి గమనించు. డిస్కులు వంకర అని చెప్పి మార్పించేస్తారు, తప్పు ఈ బుష్‌ది అయి ఉంటుంది. మూడోది స్ట్రట్ (ముందు స్ప్రింగూ షాకప్పూ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంటింగ్. బండి ఆపి ఒకరిని స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పమని, నువ్వు ముందు స్ప్రింగు మీద వేళ్లు ఆనించు. చుట్టు బిగుసుకుని ఒక్కసారి టంగుమని వదిలితే బేరింగ్ పోయింది.

బానెట్ మీద చేతులేసి నొక్కి ఊపి "షాకప్‌లు బావున్నాయి సార్" అంటారు చూడు, ఆ పరీక్షని ఈ కారు విషయంలో నమ్మకు. గట్టి స్ప్రింగులున్న కారును ఎంత బలంగా నొక్కినా షాకప్ పని చేసే దూరం దాకా పోదు, పూర్తిగా చచ్చిపోయినవి తప్ప దానికి దొరకవు. దానికన్నా నీ అరచేయి మంచి మీటరు. టైరు ట్రెడ్ మీద చుట్టూ నిమురుకుంటూ పో. అలలు అలలుగా, ఒకచోట ఎత్తు ఒకచోట లోతు తగిలితే చక్రం రోడ్డు మీద ఎగురుతూ తిరిగిందన్నమాట, అంటే షాకప్ పట్టు పోయింది. షాకప్ బాడీ మీద దుమ్ము పట్టిన పల్చటి తేమ ఉంటే కంగారు పడకు, కింద దాకా కారిన తడి ఉంటే అది అయిపోయింది.

కింద ఉన్నప్పుడే స్ప్రింగుల అడుగు చుట్టు చూడమని చెప్పు, టార్చి వేసి, చుట్టూ తిప్పి. కారు హైదరాబాద్‌దే అయినా ఎనిమిది నెలలుగా సముద్రం పక్కన ఉంది. మన ఊరి ఉప్పుగాలి మామూలుది కాదు, అందులోనూ ఎంవీపీ నుంచి బీచ్ ఎంత దూరం. స్ప్రింగు మీద పెయింటు పొర ఎక్కడ చిన్నగా లేచినా అక్కడ తుప్పు గుంట పడుతుంది, రోజుకి వేలసార్లు వంగి లేచే ఇనుము ఆ గుంట దగ్గరే ఒకరోజు పుటుక్కుమంటుంది. అడుగు చుట్టు విరిగితే కారు పడిపోదు, కొంచెం వాలుతుంది, ఒక శబ్దం మొదలవుతుంది, అంతే. చాలామందికి నెలలు తెలియదు. ఆ విరిగిన మొన టైరుకి తగిలితే మాత్రం సంగతి వేరు. ఇకనుంచి సర్వీసింగ్ చేయించినప్పుడల్లా పైపైన షాంపూ కాదు, కింద మంచినీళ్లతో గట్టిగా కడగమను.

ఇప్పుడు పెద్ద ఖర్చు. నా మాట ఒకటే, కారును ఇంకా బాగు చెయ్యాలనుకునే ముందు కంపెనీ ఇచ్చిన స్థితికి తీసుకురా. లోయరింగ్ స్ప్రింగులు తీసేసి ఒరిజినల్ రకం స్ప్రింగులు, నాలుగు షాకప్‌లు, నాలుగు బంప్ స్టాపర్లు, దుమ్ము పడకుండా తొడిగే రబ్బరు గొట్టాలు, పైన మౌంటింగులు, స్ప్రింగు కూర్చునే రబ్బరు ప్యాడ్లు. అన్నీ ఒకేసారి. డబ్బు ఒకేసారి లేదన్నావు, అర్థమైంది, కానీ ఈ ఒక్క చోట ముక్కలు చెయ్యకు, ఎందుకంటే ఇవన్నీ ఒకే గుత్తి, ఒకటి మార్చాలంటే అన్నీ విప్పాలి. నేను ఈ తెలివితక్కువ పని చేశాను. నా పాత ఫియట్ పాలియోకి షాకప్‌లు మాత్రం కొని, మౌంటింగులు ఇంకో ఏడాది వస్తాయిలే అని ఒక షెడ్డులో చెప్తే తలూపాను. నాలుగు నెలలకి గుర్‌గుర్ శబ్దం, మళ్లీ మొత్తం విప్పుడు, మళ్లీ అదే కూలీ, మళ్లీ అలైన్‌మెంట్. మిగిల్చానన్న డబ్బుకి రెట్టింపు పోయింది. ఆ షెడ్డాయన తప్పు సగం, నా పిసినారితనం సగం.

షాకప్‌లు కొనే ముందు నీ కారులో ఎలక్ట్రానిక్ షాకప్‌లు ఉన్నాయేమో చూసుకో. ఈ మోడల్‌కి అడాప్టివ్ ఎం సస్పెన్షన్ అని ఒక ఆప్షన్ ఉండేది, అదుంటే కారు మామూలుకన్నా 10 మిల్లీమీటర్లు కిందికే ఉంటుంది, షాకప్‌లకి వైరు వస్తుంది. గేరు పక్కన స్పోర్ట్ బటన్ ఉన్నంత మాత్రాన ఇది ఉన్నట్టు కాదు. ఛాసీ నంబరు చివరి 7 అక్షరాలు ఇస్తే పార్టులమ్మేవాళ్లు నీ కారుకి ఏ నంబరు స్ప్రింగు, ఏ నంబరు షాకప్ అన్నది తీసి చెప్తారు, స్ప్రింగులు కారులో ఉన్న ఆప్షన్ల బరువును బట్టి మారతాయి కాబట్టి "జెడ్4 స్ప్రింగులు ఇవ్వండి" అని అడిగితే కుదరదు. ఎలక్ట్రానిక్‌వి ఉంటే వాటి ధర చూసి గుండె పట్టుకోవాల్సిందే, మామూలువి వేస్తే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వెలుగుతూ ఉంటుంది. మామూలు సస్పెన్షనే అయితే నీ అదృష్టం. బిల్‌స్టీన్ అనే షాకప్‌ల కంపెనీలో బీ4 అనేది కంపెనీ స్వభావానికి దగ్గరగా చేసినది, నీకు కావాల్సింది ఆ తరహాది. బీ6 దానికన్నా గట్టిది, బీ8 దించిన కార్ల కోసం పొట్టిగా చేసింది. కొట్టువాడు "సార్ ఇది పై మోడల్" అని బీ8 చేతిలో పెడతాడు, తీసుకోకు, నీ అవసరానికి అది పై మోడల్ కాదు. సెకండ్ హ్యాండ్ షాకప్ ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు.

కాయిలోవర్ల సంగతి అడిగావు. మంచివి మంచివే, కానీ అవి ట్రాక్ మీద ఎత్తు, గట్టిదనం మార్చుకునేవాడి కోసం. చవకవి మన రోడ్లకి మరీ గట్టిగా ఉంటాయి, మర తిప్పి మెత్తగా చెయ్యొచ్చని చెప్తారుగానీ ఎత్తు మార్చే మర తిప్పితే మామూలుగా మారేది ఎత్తే, స్ప్రింగు గట్టిదనం కాదు. ఆ మరలు మన ఉప్పుగాలికి రెండు వర్షాకాలాల్లో బిగుసుకుపోతే తర్వాత సుత్తే గతి. రబ్బరు బఫర్ల గురించి ఒక్క మాట, స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ఇరికిస్తే ఆ చుట్టు పని చెయ్యదు, అంటే స్ప్రింగు ఇంకా గట్టిపడుతుంది. నీ ఫ్రెండు మంచివాడే, కానీ ఈ విషయంలో అడగకు. రబ్బరు బదులు గట్టి పాలీయురేథేన్‌తో చేసే పాలీ బుష్‌లు కూడా అంతే, స్టీరింగ్ చురుగ్గా అవుతుంది, ప్రతి కంకర రాయీ చేతికి తెలుస్తుంది. నీకు రబ్బరే కావాలి.

బిగించేటప్పుడు నువ్వు దగ్గరుండాల్సిన రెండు చోట్లు ఉన్నాయి. స్ట్రట్ నుంచి స్ప్రింగు విప్పేటప్పుడు సరైన స్ప్రింగు కంప్రెసర్ వాడుతున్నారా చూడు. తాళ్లు, వైర్లు కట్టి లాగేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మొహం మీదికే వస్తుంది. అలాంటి షెడ్డు అయితే బండి తాళం తీసుకుని వచ్చెయ్. రెండోది చాలామంది మెకానిక్‌లకి కూడా పట్టదు. ఆర్మ్‌ల రబ్బరు బుష్ బోల్టుని చక్రాలు గాలిలో వేలాడుతుండగా గట్టిగా బిగించేస్తే, కారు కిందికి దించగానే ఆ రబ్బరు మెలితిరిగి ఉండిపోతుంది. అప్పటినుంచి అది బుష్‌లా కాకుండా అదనపు స్ప్రింగులా తంతుంది, పైగా తొందరగా చిరిగిపోతుంది. బోల్టులు చేత్తో తగిలించి, కారు బరువంతా చక్రాల మీద పడ్డాక, మామూలు ఎత్తులో ఉన్నప్పుడు టార్క్ రెంచితో, అంటే ఎంత బిగువో కొలిచే పానాతో, బిగించాలి. కొత్త పార్టులు వేసినా రైడ్ గట్టిగానే ఉందని వచ్చిన కార్లలో కొన్నిటికి బోల్టులు వదులు చేసి మళ్లీ బిగిస్తేనే బాగైపోవడం నా కళ్లతో చూశాను. లాక్ నట్లు కొత్తవి వెయ్యమను, పాతవి తిరిగి పెట్టొద్దు. తుప్పు పట్టిన బోల్టుల మీద ముందురోజు రాత్రే డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి ఉంచితే పొద్దున విరగవు.

పని అయ్యాక నాలుగు చక్రాలకీ అలైన్‌మెంట్ తప్పదు, ముందు రెండింటికి చూసి పంపేస్తే ఒప్పుకోకు. ఇన్నాళ్లూ దించి నడిపిన కారు కాబట్టి వెనక టైర్ల లోపలి అంచు ఇప్పటికే తిని ఉంటుంది, అది కూర్చుని చూస్తే కనపడదు, పడుకుని చూడాలి. అందుకే కొత్త టైర్లు సస్పెన్షన్ పని కన్నా ముందు వెయ్యకు. గాలి, లింక్ రాడ్లు ఈ నెల. డబ్బు చేరాక స్ప్రింగులూ షాకప్‌ల గుత్తి, అప్పుడే బుష్‌లు కూడా. ఆ తర్వాత 18 అంగుళాల చక్రాలు, టైర్లు. మధ్యలో ఉన్న నెలల్లో వర్షంలో కొంచెం నెమ్మదిగా పో, పట్టు లేని షాకప్ మీద చక్రం ఎగురుతుంటే ఏబీఎస్ ఉన్నా కారు ఆగే దూరం పెరుగుతుంది. సింహాచలం ఘాట్ దిగేటప్పుడు మరీనూ.

అన్నీ అయ్యాక కూడా వెనక నుంచి ఏదో కిరకిర వినిపిస్తే వెంటనే సస్పెన్షన్ మీద పడకు. ఇది మడతపెట్టే అల్యూమినియం టాప్ ఉన్న కారు, దాని రబ్బరు సీళ్లు ఎండితే అచ్చం కింద నుంచి వచ్చినట్టే శబ్దం చేస్తాయి. టాప్ తీసి అదే రోడ్డు మీద అదే వేగంలో పో, శబ్దం పోతే సీళ్లకి రబ్బరు గ్రీజు రాస్తే చాలు. ఈ పరీక్షకి రుషికొండ నుంచి భీమిలి వైపు పొద్దున్నే ఆరింటికి వెళ్లు, ట్రాఫిక్ ఉండదు, ప్రతి చప్పుడూ వినిపిస్తుంది. పని మొదలుపెట్టకముందు కూడా ఒకసారి ఇదే దారిలో 40, 60 వేగాల్లో పోయి ఫోనులో రికార్డు చేసి పెట్టుకో. లేకపోతే తర్వాత ఏం మారిందో చెప్పలేవు, ఖర్చు పెట్టాం కదా బాగుందిలే అనిపిస్తుంది.

అద్భుతం జరుగుతుందని మాత్రం అనుకోకు. కాలనీల్లో వేసే స్పీడు బ్రేకర్లు ఏ కారుకీ పడవు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు ఉంటే వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, 25 వేగంలో హాయిగా దాటేలా. మన వీధుల్లో ఎత్తు అంతే పెడతారు, వెడల్పు మాత్రం ఒక అడుగు. వాటి మీద కొత్త జెడ్4 కూడా మూలుగుతుంది. కారు 30 మిల్లీమీటర్లు పైకి లేస్తే కనీసం పొట్ట గీసుకోదు.

ఇంకొకటి, ఇది ఈ రాత్రే చెయ్యి. ఆ హైదరాబాద్ ఆయనకి ఫోన్ చేసి, లోయరింగ్ స్ప్రింగులు వేసినప్పుడు తీసిన ఒరిజినల్ స్ప్రింగులూ 18 అంగుళాల చక్రాలూ ఎక్కడున్నాయో అడుగు. ఇలాంటివి కొందరు అటకమీద పెట్టి మర్చిపోతారు. స్ప్రింగులు అక్కడి పొడి గాలిలో ఉన్నాయి కాబట్టి తుప్పు లేకుండా ఉంటే నిశ్చింతగా వేసుకోవచ్చు, నీ ఖర్చులో పెద్ద ముక్క మిగులుతుంది. ఇల్లు మారినప్పుడు పాత సామానువాడికి ముందు పోయేవి కూడా అవే, అందుకే రేపటికి వాయిదా వెయ్యకు.